అమ్మ ఈ ఏడు ఆవకాయ పెట్టలేదు. రిపోర్టులన్నీ నార్మల్. మంచి గ్యాస్ డాక్టరుంటే చెప్పండి

తెనాలి_అమ్మాయి | జూన్ 9, రాత్రి 11:40

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదవుతుంది, ఓపిక చేసుకోండి.

అమ్మకి 58. నాన్న లెక్కల మాస్టారు, జనవరిలో రిటైరయ్యారు. అన్నయ్య ఐర్లాండ్‌లో, నేను హైదరాబాద్‌లో. తెనాలిలో వాళ్ళిద్దరే. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ అమ్మకి ఒంట్లో బాగోవట్లేదు. మొదట గుండె దడ అంది. తర్వాత పొట్టలో మంట. ఆ తర్వాత అరికాళ్ళ మంటలు, తల బరువు. ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, షుగరు, థైరాయిడు అన్నీ చేయించాం. 38 వేలు అయ్యాయి. ఏమీ లేదన్నారు, గ్యాస్ మాత్ర రాశారు. ఆఖర్న చూసినాయన నిద్రకని ఓ చిన్న మాత్ర ఇచ్చారు. మూడు నెలలుగా అదీ నడుస్తోంది. వేసుకున్నా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. లైటు కూడా వెయ్యకుండా వంటింట్లో పీట మీద కూర్చుంటోందట.

మొన్న వెళ్ళాను. మా ఇంట్లో ఆవకాయంటే యాభై కాయలు. అన్నయ్యకో జాడీ, నాకో జాడీ, ఇంటికో జాడీ. కాయ కొట్టించే రోజు అమ్మ ఎవరినీ వంటింటి గుమ్మం తొక్కనివ్వదు, తడిచెయ్యి తగిలితే బూజు పడుతుందని. ఈసారి జాడీలు మూడూ కడిగేసి, పెరటి వసారాలో పాత పంచె మీద బోర్లించి ఉన్నాయి. ఆరబెట్టిందేమో అనుకుని "కాయ ఎప్పుడు కొట్టిస్తున్నావ్" అన్నా. "ఎవరు తింటార్లే" అంది. వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది. అవి బోర్లించి నెల దాటిందని అప్పుడు అర్థమైంది.

నాన్ననడిగితే "దానికేమైంది, మూడు పూటలా వండుతూనే ఉందిగా" అంటారు.

గుంటూరులో గానీ విజయవాడలో గానీ పొట్టకి సంబంధించి మంచి డాక్టరెవరైనా ఉంటే చెప్పండి. ఇంకా ఏ టెస్టులు మిగిలాయో కూడా.

గోదారోడు | జూన్ 9, రాత్రి 11:58

వాము, జీలకర్ర కషాయం రాద్దామని మొదలెట్టానండి. జాడీల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. గ్యాసుకి ఆవకాయ తినడం మానేస్తారు గానీ పెట్టడం మానెయ్యరండి, ఆయ్.

పెన్షనర్_గుంటూరు | జూన్ 10, ఉదయం 5:12

అమ్మా, ఇది వయసు. మా ఇంట్లోనూ ఇదే వరస. ఉదయం నడక, సాయంత్రం విష్ణు సహస్రనామం, రాత్రికి మజ్జిగన్నం. టెస్టుల పేరుతో ఆసుపత్రులను మేపకండి. మా అమ్మ పదిమందిని కని, పొలం పనులు చేసి, ఒక్కరోజు 'నాకు దడగా ఉంది' అని కూర్చోలేదు.

హనుమకొండ_పిల్ల | జూన్ 10, ఉదయం 8:30

అక్కా, మా అమ్మకు గూడ గిట్లనే అయింది. మాకు కడుపుల మంట గాదు, మోకాళ్ళ నొప్పులు. రెండేండ్లు ఎముకల డాక్టర్ల సుట్టు తిరిగినం. మా తమ్ముడు దుబాయ్ పోయిన సంవత్సరమే అది షురువైందని ఒక్కలకు తట్టలే. మా అమ్మమ్మ వచ్చి రెండు రోజులు సూశింది. "దానికి మోకాళ్ళు గాదే, రంది వెట్టుకున్నది" అన్నది. మా దిక్కు రంది అంటం, మనాది అంటం. మీ దిక్కు బెంగ అంటరు గావచ్చు. ముసలోళ్ళకు దాని పేరు ఎరుకనే. మనమే స్కానింగుల ఎతుకుతున్నం.

పెన్షనర్ సారు, మీ అమ్మ కూసోలేదా, కూసునే టైమ్ ఎవ్వలు ఇయ్యలేదా?

ఓపీ_నర్సమ్మ | జూన్ 10, మధ్యాహ్నం 2:15

సైకియాట్రీ ఓపీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మీ అమ్మగారిని చూడలేదు కూడా. కానీ ఇలాంటి ఫైళ్ళు మా దగ్గరికి వారానికి నాలుగైదు వస్తాయి. పైన ఈసీజీ, కింద ఎండోస్కోపీ, మధ్యలో మందుల చీటీలు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో. 'నాకు దిగులుగా ఉందండీ' అంటూ వచ్చే అమ్మలు చాలా తక్కువ. దడ, మంట, నీరసం, 'ఒంట్లో ఏదో తిరుగుతున్నట్టుంది', ఇవే చెబుతారు. నటన అనుకోకండి, ఆ మంట నిజంగానే ఉంటుంది. మన ఇళ్ళలో ఆడమనిషి మనసు బాగోలేదంటే పట్టించుకోరు, కాలు నొప్పంటే కనీసం ఆటో పిలుస్తారు. అందుకని బాధ ఆ దారిన వస్తుంది.

టెస్టులు చేయించడం తప్పేం కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. మీ జాబితాలో విటమిన్ బి12, హిమోగ్లోబిన్ కనిపించలేదు, అవి చూపించండి. ఎండోస్కోపీ మాత్రం మళ్ళీ వద్దు.

ఇప్పుడు ఇంట్లో మీరే అడగదగ్గ రెండు ప్రశ్నలు చెబుతాను. ప్రపంచమంతా వాడేవే. గడిచిన రెండు వారాల్లో, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, చేసినా సంతోషం అనిపించకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా, ఇక ఏదీ బాగుపడదన్నట్టు ఎన్ని రోజులు? అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులు పైబడితే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టుని కలవాలి. అంతమాత్రాన జబ్బు ఖాయమని కాదు, చూపించుకోవాలని మాత్రమే.

మూడింటికి మెలకువ రావడం, ఇష్టమైన పని వదిలెయ్యడం, ఈ రెండూ మీరు చెప్పకముందే నేను అడిగేదాన్ని.

ఇంకోటి. ఆ 'నిద్ర మాత్ర' పేరేమిటి? చీటీ చూసి చెప్పండి. దాన్ని మాత్రం ఒక్కసారిగా ఆపకండి.

తెనాలి_అమ్మాయి | జూన్ 10, రాత్రి 10:05

అల్‌ప్రజోలమ్. మెడికల్ షాపులో నాన్న అడగ్గానే ఇచ్చేస్తున్నారు, చీటీ కూడా చూడట్లేదట.

నర్సమ్మగారూ, ఫోన్లో అడిగితే "బాగానే ఉన్నాలే" అంటుంది. శనివారం వెళ్తున్నాను.

నూనె_గానుగ | జూన్ 11, ఉదయం 7:20

ఆవకాయ మాట వచ్చింది కాబట్టి. నువ్వుల నూనె వాడతారా పప్పునూనెనా? మా వైపు పల్లీనూనె పోస్తున్నారు, ఏడాది నిలవుండదు.

గోదారోడు | జూన్ 11, ఉదయం 7:31

పప్పునూనె అన్నా నువ్వుల నూనె అన్నా ఒకటేనండి బాబూ.

నూనె_గానుగ | జూన్ 11, ఉదయం 7:40

మా ఊళ్ళో కాదు.

నిర్వాహకులు | జూన్ 11, ఉదయం 9:00

నూనెల గొడవకి వంటల విభాగంలో వేరే చర్చా దారం ఉంది. అక్కడ కొట్టుకోండి.

తెనాలి_అమ్మాయి | జూన్ 14, అర్ధరాత్రి 12:50

వెళ్ళాను. ఎదురుగా కూర్చుని అడగడం చేతకాలేదు నాకు. మధ్యాహ్నం గోంగూర కట్టలు ముందేసుకుంది, నేనూ పక్కన కూర్చుని ఆకు తుంచుతూ అడిగా. ఇద్దరి చూపులూ ఆకు మీదే ఉంటాయి కదా, అది మేలైంది. "ఏమ్మా, ఏమీ చెయ్యాలనిపించట్లేదా" అన్నా. చాలాసేపు ఏమీ అనలేదు. కాడలన్నీ ఒక పక్కకి పోగేసి, మళ్ళీ ఆ కాడల్లోంచే ఆకులు ఏరడం మొదలెట్టింది. అప్పుడంది, "పొద్దున లేస్తే ఇంకో పూట గడపాలే అనిపిస్తుందే. అన్నం వండుతుంటే ఎవరో వండుతున్నట్టుంటుంది."

రెండు ప్రశ్నలకీ కలిపి 5.

ఇంకో మాట కూడా అంది. "ఆ దేవుడు తీసుకుపోతే అందరికీ సుఖం." నేను "ఛీ, అవేం మాటలు" అని కసిరాను. అంతే, లేచి గోంగూర కడగడానికి పోయింది. మళ్ళీ నోరు తెరవలేదు. రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. ఏం చెయ్యాలి?

ఓపీ_నర్సమ్మ | జూన్ 14, ఉదయం 6:10

మీరు కసిరినందుకు బాధపడకండి, అందరం చేసేదే. కానీ ఇవాళే మళ్ళీ వెళ్ళి పక్కన కూర్చోండి. "నిన్న నువ్వన్న మాట గురించే ఆలోచిస్తున్నానమ్మా. చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఏమైనా చేసుకుందామని అనుకున్నావా?" అని ఇంత సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం ఉంటుంది. అలా జరగదు. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారని చాలామందికి ఊపిరి తిరుగుతుంది.

దేవుడు తీసుకుపోతే బాగుండుననడం వేరు, ఎలా, ఎప్పుడు అని అనుకోవడం వేరు. రెండోది ఉంటే అపాయింట్‌మెంట్ల కోసం చూడకుండా ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ఏది ఉన్నా సరే, ఆ అల్‌ప్రజోలమ్ పట్టీలు, మీ నాన్నగారి బీపీ మాత్రలు, పెరట్లో పురుగుమందు ఉంటే అది, అన్నీ తాళంలో పెట్టండి. రోజు మాత్ర రోజు చేతికివ్వండి.

14416 రాసి ఫ్రిజ్ మీద అంటించండి. టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మే చెయ్యాలని లేదు, మీరు చేసి 'ఇలా ఉంది, ఏం చెయ్యను' అని అడగొచ్చు.

తెనాలి_అమ్మాయి | జూన్ 14, మధ్యాహ్నం 3:30

అడిగాను. ఏమీ చేసుకుందామని లేదట. "అలసిపోయానంతే" అంది. తర్వాత నా తల నిమిరి "నువ్వెందుకు ఇంత చిక్కిపోయావ్" అంది. మాత్రలన్నీ బీరువాలో పెట్టేశాను.

కడప_రాజేశ్వరమ్మ | జూన్ 15, ఉదయం 11:20

పాపా, నాకు 61. ఇంతమంది రాసినారు గానీ జనవరి అన్న మాట ఎవురూ పట్టుకోలేదే. మీ నాయన రిటైరయింది జనవరి, మీ అమ్మకు బాగలేకపోయింది సంక్రాంతి దాటినాక.

మా ఆయన బ్యాంకులో చేసినాడు. ముప్పై రెండేండ్లు పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరుకు వచ్చేవాడు. ఆ తొమ్మిది గంటలు ఇల్లు నాది. పనంతా అయినాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గడప మీద కూర్చోనేదాన్ని, పక్కింటామె వచ్చేది, ఆకూవక్కా ఏసుకుని ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన ఇంట్లో కూర్చున్న రోజు నుంచి ఆమె రాలేదు. 'సారున్నాడులే' అని. దినానికి ఐదు టీలు. టీవీలో వాళ్ళెవరో అరుస్తా ఉంటారు పొద్దస్తమానం. ఒకరోజు బియ్యం డబ్బా ఆడ కాదు ఈడ పెట్టాల అని నాకు చెప్పినాడు. ముప్పై రెండేండ్లు ఆ డబ్బా యాడుందో తెలియని మనిషి. ఆ డబ్బా పట్టుకుని నేను ఏడ్చినా. బియ్యం డబ్బాకి ఎవరైనా ఏడుస్తారా అని ఆయన బిత్తరపోయినాడు.

ఆయన చెడ్డోడు కాదు. ఆయనకూ యాడికి పోవాల్నో తెలీదు. కానీ రిటైరయింది ఆయనొక్కడే, నాకు డ్యూటీ రెండింతలయింది.

పెన్షనర్_గుంటూరు | జూన్ 15, మధ్యాహ్నం 12:05

అంటే ఇంట్లో ఉండటం కూడా మగాడి తప్పేనా? నలభై ఏళ్ళు సంపాదించి పెట్టి, చివరికి సొంత ఇంట్లో టీ అడిగితే నేరమా?

కడప_రాజేశ్వరమ్మ | జూన్ 15, మధ్యాహ్నం 12:30

నేరం కాదన్నా. ఐదో టీ మీరే పెట్టుకోండి, అంతే.

డల్లాస్_నుంచి | జూన్ 15, రాత్రి 9:45

ఈ దారం చదివాక మా అమ్మతో నా వీడియో కాల్ గుర్తొచ్చి సిగ్గేసింది. పదేళ్ళుగా అవే మూడు మాటలు. తిన్నావా, మందులేసుకున్నావా, పిల్లలు నిద్రపోయారు. ఆదివారం మా అమ్మని మునక్కాడ సాంబారులో చింతపండు ఎంత వెయ్యాలో అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడింది. ఇది వైద్యం కాదని తెలుసు, చెప్పాలనిపించింది.

అమ్మల్ని ఆరునెలలకని ఇక్కడికి తెచ్చేవాళ్ళకి ఒక మాట. 'మార్పుగా ఉంటుంది' అని తెస్తాం. కారు తోలలేరు, గుడికి వెళ్ళాలన్నా మనం శనివారం దాకా ఖాళీ అవ్వం. బెంగతో ఉన్న మనిషిని తెచ్చి అద్దాల ఇంట్లో కూర్చోబెట్టినట్టవుతుంది. ముందు అక్కడే చూపించి, కుదుటపడ్డాక తీసుకురండి. తెనాలి అమ్మాయిగారి అన్నయ్యకి కూడా ఇదే చెబుతాను.

తెనాలి_అమ్మాయి | జూన్ 16, రాత్రి 10:20

అన్నయ్య సరిగ్గా అదే అన్నాడు నిన్న, "ఇక్కడికి పంపించెయ్". ఈ దారం లింకు పంపాను.

రాజేశ్వరమ్మగారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. బియ్యం డబ్బా దగ్గర లేచి బయటికెళ్ళిపోయారు. మా ఇంట్లో అది పప్పుల పోపుపెట్టె. మార్చిలో తిరగరాసి లేబుళ్ళు అంటించారు, లెక్కల మాస్టారు కదా.

డాక్టర్ దగ్గరికి అంటే మాత్రం "పిచ్చి డాక్టరుకా? ఊళ్ళో తెలిస్తే?" అన్నారు. అమ్మకి నరాల డాక్టరని చెప్పి తీసుకెళ్ళనా?

హనుమకొండ_పిల్ల | జూన్ 16, రాత్రి 10:41

మేము గట్లనే చెప్పి తోలుకపోయినం. ఆడ బోర్డు సదివింది మా అమ్మ. వారం మాట్లాడలే నాతోని. హైదరాబాదుల తిట్లు మీకెరుకే గదా, 'ఎర్రగడ్డకు పోవాల్నా' అంటరు. విశాఖల చినవాల్తేరు అంటరంట. గవి పేరున్న సర్కారు మానసిక దవఖానాలు, మనం తిట్లు జేసినం.

ఓపీ_నర్సమ్మ | జూన్ 17, మధ్యాహ్నం 1:50

అబద్ధం వద్దు. "నిద్ర, దిగులు, దడ ఈ మూడిటికీ కలిపి చూసే డాక్టరు" అని చెప్పండి. అది నిజమే కదా. మా డాక్టర్లు కూడా డిప్రెషన్ అన్న మాట మొదటి పది నిమిషాల్లో వాడరు. నిద్రెలా ఉంది, ముద్ద దిగుతోందా, పూజ చేసుకోబుద్ధవుతోందా అనే అడుగుతారు.

ఎవరిని వెతకాలో కూడా తెలుసుకోండి. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ గానీ డీపీఎం అనే డిప్లొమా గానీ చేసి ఉంటారు. మాటలతో వైద్యం చేసేది క్లినికల్ సైకాలజిస్టు, ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదై ఉండాలి. వారాంతం కోర్సు చేసి కౌన్సిలర్ బోర్డు పెట్టినవాళ్ళు మీకు ప్రతి సందులో దొరుకుతారు, జాగ్రత్త. గవర్నమెంటు మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మందులూ అక్కడే ఇస్తారు. ఊళ్ళో తెలుస్తుందని భయమైతే పక్క జిల్లాకి వెళ్ళండి. మా ఓపీలో సగంమంది పక్క జిల్లావాళ్ళే, మా జిల్లావాళ్ళు అక్కడికి పోతారు.

బీమా_బాబాయి | జూన్ 17, సాయంత్రం 6:00

చిన్న విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. అడ్మిషన్ అవసరమైతే పాలసీ కాగితం తియ్యండి. ఓపీ ఫీజులు మాత్రం మామూలుగా ఏ పాలసీలోనూ రావు, దానికి నన్ను తిట్టకండి.

తెనాలి_అమ్మాయి | జూన్ 27, రాత్రి 11:15

నిన్న చూపించాం. నాన్నే కారు మాట్లాడారు. దారిలో ఒక్క మాట లేదు.

డాక్టరుగారు కాసేపు అందరితో మాట్లాడి, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. నాన్న లేవలేదు, "నేను భర్తని" అన్నారు. "అందుకేనండీ" అన్నారాయన. అరగంట. బయట నాన్న గోడ మీద ఛార్టు మొత్తం రెండుసార్లు చదివారు. అమ్మ బయటికొచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి గానీ ముఖం తేలిగ్గా ఉంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

బి12 బాగా తగ్గి ఉందట, ఇంజెక్షన్లు రాశారు. దాంతో పాటు డిప్రెషన్ ఉందన్నారు. ఎస్సిటలోప్రామ్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారట. నిద్రమాత్ర వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. రెండు వారాలకి సోడియం పరీక్ష. నాన్నకి విడిగా ఒక చీటీ మీద రాసిచ్చారు: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఇంట్లో ఉండొద్దు. లెటర్‌హెడ్ మీద, సంతకంతో. రాజేశ్వరమ్మగారూ, ఆయన మీ పోస్టు చదివారేమో.

నాన్న ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి గొడుగు తీసుకుని గ్రంథాలయానికి వెళ్ళారు.

పెన్షనర్_గుంటూరు | జూన్ 28, ఉదయం 5:05

ఈ మందులు మొదలెడితే జీవితాంతం వదలవు. మత్తు. మా వీధిలో ఒకాయన ఇలాగే అయిపోయాడు.

మెడికల్_షాపు_మూర్తి | జూన్ 28, ఉదయం 10:30

పెన్షనర్ గారూ, రెండు మందుల్ని కలిపేస్తున్నారు. అలవాటు పడేది అల్‌ప్రజోలమ్. వేసిన అరగంటకి హాయిగా ఉంటుంది, అందుకే జనం వదలరు. అది చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినట్టు రిజిస్టరులో రాసి ఉంచాలి కూడా. మా షాపులవాళ్ళే తప్పు చేస్తున్నారు, ఒప్పుకుంటాను. ఎస్సిటలోప్రామ్ వేసుకున్న రోజు ఏ హాయీ ఉండదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది పనిచెయ్యడానికి, ఒక్కోసారి ఆరు. ఇంకా కావాలి ఇంకా కావాలి అనిపించదు. ఆపేటప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, లేకపోతే తల తిరుగుడు, చిరాకు వస్తాయి. మా షాపుకొచ్చే జనం అదే చూసి 'అలవాటైపోయింది' అనుకుంటారు.

తెనాలి_అమ్మాయి | జూలై 6, రాత్రి 9:30

మానేసింది. ఐదు రోజులు వేసుకుని ఆపేసింది. వికారం, లోపల గాభరా ఎక్కువైందట. పైగా పిన్ని ఫోన్ చేసి "ఆ మందులు పిచ్చివాళ్ళకిస్తారు" అందట. నేను ఫోన్లోనే అరిచేశాను. అరిచాక ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాలుగు వారాలుగా శని, ఆదివారాలు రైల్లోనే గడుస్తున్నాయి. ఇంట్లో మా ఆయన్ని, పాపని కూడా ఊరికే కసురుతున్నాను.

ఓపీ_నర్సమ్మ | జూలై 6, రాత్రి 9:58

మొదటి వారం పది రోజులు వికారం, కాస్త గాభరా మామూలే. చాలామంది అక్కడే ఆపుతారు. డాక్టరుకి ఫోన్ చెయ్యండి, అన్నం తిన్నాక వేసుకోమంటారు లేదా ఇంకా తక్కువతో మొదలెడతారు. తికమకగా మాట్లాడినా, తూలుతున్నా, మరీ మగతగా ఉన్నా అది వేరే సంగతి. పెద్దవాళ్ళకి ఈ మందుతో సోడియం తగ్గొచ్చు, వెంటనే చూపించాలి.

ఇక మీ సంగతి. ఆ రెండు ప్రశ్నలు మీరు వేసుకున్నారా?

తెనాలి_అమ్మాయి | జూలై 6, రాత్రి 10:40

2.

హనుమకొండ_పిల్ల | జూలై 6, రాత్రి 10:44

వచ్చే శనివారం పోకు అక్కా. మీ నాయిన ఉన్నడు గదా, ఉండనీ. నువ్వు పోయినంత సేపు ఆయన మందు డబ్బా ముట్టడు. మా ఇంట్ల గట్లనే అయింది.

తెనాలి_అమ్మాయి | ఆగస్టు 17, రాత్రి 10:10

చాలామంది అడుగుతున్నారు కాబట్టి. ఆ శనివారం వెళ్ళలేదు. చచ్చేంత భయమేసింది. నాన్న సోమవారం ఫోన్ చేసి, "మాత్ర రాత్రికి కాకుండా పొద్దున టిఫినయ్యాక ఇమ్మన్నారు డాక్టరు, మొదలెట్టాం" అన్నారు. ఓ గళ్ళనోటు పుస్తకం పెట్టారు. తేదీ, మాత్ర, నిద్ర ఎన్ని గంటలు, ఎన్ని ఇడ్లీలు. గ్రాఫు కూడా గీశారు. అమ్మకి అది చూస్తే ఒళ్ళు మంట.

మందు మళ్ళీ మొదలెట్టి ఆరో వారం ఇది. పూర్తిగా బాగైందని చెప్పను. మూడింటికి బదులు నాలుగున్నరకి లేస్తోంది. అరికాళ్ళ మంటలు తగ్గాయి, అది బి12 వల్లేమో అన్నారు. సోడియం 137, పర్లేదట. కొన్ని రోజులు మళ్ళీ ముడుచుకుపోతుంది. వరలక్ష్మీ వ్రతం ఈసారి ఓపిక లేదని మానేసింది, నేనూ ఏమీ అనలేదు. కుదుటపడ్డాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు ఆపకూడదన్నారు. పక్కింటి ఆంటీ మధ్యాహ్నాలు వస్తోంది. నాన్న గొడుగు చూసి వస్తోందట, వసారాలో గొడుగు లేదంటే సారు లేనట్టు.

నిన్న ఫోన్లో ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. పోపుపెట్టె లేబుళ్ళు అమ్మ పీకేసిందట. మినప్పప్పు అని రాసిన దాంట్లో శనగపప్పు పోసి పెట్టిందని నాన్న గోల. వెనకనుంచి అమ్మ, "నా వంటిల్లు, నా ఇష్టం" అని గట్టిగా అంటోంది. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని. వాళ్ళు పోట్లాడుకుంటుంటే నేను ఫోన్ పెట్టెయ్యకుండా అలా వింటూ కూర్చున్నా.

గోదారోడు | ఆగస్టు 17, రాత్రి 10:22

జాడీలండీ?

తెనాలి_అమ్మాయి | ఆగస్టు 17, రాత్రి 10:30

ఇంకా బోర్లించే ఉన్నాయి. దుమ్ము దులిపి ఉంది.

పెన్షనర్_గుంటూరు | ఆగస్టు 18, ఉదయం 4:02

నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. ఈ తరానికి ఓర్పు తక్కువ. అయితే మా బావమరిది ఒకడున్నాడు. ఆరేడు నెలలుగా వాడికి నిద్ర లేదు, గుండెల్లో బరువంటాడు. రిపోర్టులన్నీ నార్మలే. వాడి కోసం అడుగుతున్నాను, పెద్దాసుపత్రిలో ఆ ఓపీ ఎన్నింటికి మొదలవుతుంది? మధ్యాహ్నం వెళితే చూస్తారా? జనం ఎక్కువగా ఉంటారా?

ఓపీ_నర్సమ్మ | ఆగస్టు 18, ఉదయం 6:15

ఉదయం తొమ్మిదికల్లా రమ్మనండి సార్, మధ్యాహ్నానికి కొత్త చీటీలు ఆపేస్తారు. జనం ఉంటారు గానీ ఎవరినీ ఎవరూ పట్టించుకోరు, అందరూ నేలచూపులే చూస్తుంటారు. మీ బావమరిదిని పాత చీటీలు, రిపోర్టులు తెచ్చుకోమనండి. ఇంట్లో ఒకరు తోడొస్తే మంచిది.

పెన్షనర్_గుంటూరు | ఆగస్టు 18, ఉదయం 6:19

రెండు కవర్ల నిండా ఉన్నాయి. రెండూ తేవాలా?